నేలమాళిగలో ప్రేక్షాగృహము

ఇంటి క్రింద చీకటిగది యొకటి యున్నచో దానిని చలనచిత్రములు చూచు గదిగా మార్చుకొనవలెనను కోరిక నేడు నగరములందే గాక మా కొల్లాపురము వంటి యూళ్లయందును పుట్టుచున్నది. మా యింట ఆ పని గడచిన యేడాదిలో జరిగినది. మా పొరపాట్లు మీకు పనికివచ్చునేమో యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యిల్లు మామగారి తండ్రిగారి నాటిది. వంటయింటి ప్రక్కనుండి దిగు నేలమాళిగ ధాన్యము నిలువచేయుటకై కట్టినది. పొడవు 18 అడుగులు, వెడల్పు 12, లోతు 9. మా వారు బడిపంతులు. జీతములో మిగిల్చిన సొమ్ముతో పెద్ద తెరయు, మేలైన ప్రొజెక్టరును కొని దించవలెనని వారి తలంపు. మా తలంపు వేరు. మా అత్తగారికి డెబ్బది యేండ్లు దాటినవి. సినిమాహాలునకు వచ్చుట మానుకొని మూడేండ్లయినది. కారణమడుగగా, "చప్పుడు వినబడుతది గాని మాట తెలుస్తలేదు బిడ్డా" అనిరి. మా గదికి ఆ మాటయే పునాది.

వయసుతో వినికిడి తగ్గునప్పుడు మొదట పోవునవి సన్నని ధ్వనులు. స, త, క వంటి హల్లుల స్ఫుటత్వము వానియందే యున్నది. బొంగురు ధ్వనులు నిలిచియుండుటచే శబ్దము పెంచినకొలది రొద పెరుగును గాని మాట విడిపడదు. గోడలనుండి మరలివచ్చు ప్రతిధ్వనియు తోడైనచో ఒక యక్షరముపై మరియొక యక్షరము పడి కలగిపోవును. ఖాళీ మాళిగలో నిలిచి చప్పట్లు చరచి చూచితిమి. ఒక్క చప్పటకు గోడలు పదిసారులు బదులు పలికినవి.

భరతముని నాట్యశాస్త్రమున రెండవ యధ్యాయము ప్రేక్షాగృహ నిర్మాణమును గూర్చినదే. బాల్యమున తండ్రిగారియొద్ద చదివినప్పుడు అది కొలతల పట్టికవలె తోచి విసుగు పుట్టించినది. ఇప్పుడు మరల తెరచి చూడగా ఎంత యాశ్చర్యము! మనుష్యులకు 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు చాలుననియు, అంతకు మించినచో పలికిన మాట స్పష్టముగా నుండదనియు ఆయన చెప్పెను. కట్టడము కొండగుహవలె నుండి, కిటికీలు చిన్నవై, గాలి చొరక, గొంతు గంభీరముగా పలుకవలెనట. మా మాళిగ 12 మూరల పొడవు, 8 మూరల వెడల్పు గల గుహయే గదా యని సంతసించితిమి. అయితే గాలి విషయమున మునివాక్యము మాకు చెల్లలేదు. తలుపు మూసి ఆరుగురు గంటసేపు కూర్చుండునప్పటికి తల దిమ్మెక్కినది. కావున ఒక మూల క్రిందుగా గాలి వచ్చు గొట్టమును, ఎదుటి మూల పైగా గాలి పోవు గొట్టమును అమర్చి, పంకాను వెలుపలి చివర బిగించితిమి. దాని రొద లోపలికి రాదు.

ఇక నీటి సంగతి. మృగశిరకార్తె వానలకు ఉత్తరపు గోడ చెమర్చినది. మేస్త్రీ లోపలివైపు నీరాపు రంగు పూసి భయము లేదనెను. నెల తిరుగకముందే అది బొబ్బలెత్తి రాలినది. వెలుపలనుండి త్రోసుకొని వచ్చు నీటిని లోపలి పూత యాపజాలదు. పాతకాలపువారు వడ్లు దాచిన గది తడియుట యేమని వెదకగా, తరువాత మేము కట్టించుకొన్న స్నానపుగది కాలువ గోడ ప్రక్కనే పగిలియున్నది! కాలువను దూరము మార్చి, వెలుపల త్రవ్వి పూత వేయించి, నేలను ఇంటినుండి పల్లముగా దిద్దించితిమి. మీరును పని మొదలిడకముందు ప్లాస్టికు కాగితమొకటి గచ్చుపై పరచి అంచులంటించి ఒకదినముంచి చూడుడు. కాగితము క్రింద చెమ్మ పట్టినచో అది భూమినుండి వచ్చునది. పైన పట్టినచో గదిలోని గాలిది.

ప్రతిధ్వని నడచుటకు బజారులో పలుచని స్పంజి పలకలు అమ్ముదురు. అవి సన్నని ధ్వనులను మాత్రమే పీల్చి బొంగురును విడిచిపెట్టును. మా అత్తగారికి కావలసినది సన్నని ధ్వనియే గదా! మందముగా నుండవలెను, గోడకు నాలుగు వ్రేళ్లెడముగా నుండవలెను. ఈ మాట విని ఆమె తన పెట్టె తెరచిరి. పాతచీరలతో తాము కుట్టిన బొంతలు పదునొకండు! రెండేసి కలిపి కొయ్యచట్రములకు బిగించితిమి. పైన కప్పు బట్ట నోటికానించి ఊదినచో ఊపిరి ఆవలికి పోవలెను. పోనిచో ధ్వనియు లోనికి పోదు. ఆమె గద్వాల చీరయొక్క నూలు ఒడలు ఈ పరీక్షలో గెలిచినది, జరీకొంగు ఓడినది. కొంగు కత్తిరించి మరల పెట్టెలో దాచుకొనిరి. వెనుక గోడకు బొంతలు లేవు. మా వారి పుస్తకముల బీరువాలున్నవి, ధ్వనిని చెదరగొట్టుటకు. ప్రొజెక్టరును బట్టలకు దూరముగా రాతి అరపై నుంచితిమి.

గోడలకు తెలుపు కూడదు. తెరమీది వెలుగు గోడను తాకి మరలి బొమ్మను వెలవెలబోజేయును. నలుపు అశుభమని అత్తగారు ఒప్పుకొనలేదు. నేరేడుపండు రంగు వేసితిమి.

సొమ్ములో పెద్దపాలు మ్రింగినవి మెట్లు. పాతవి 9 అంగుళముల యెత్తున పండ్రెండు. మోకాళ్ల నొప్పిగల ఆమెను వానిపై దింపుటెట్లు? వారము దినములు ఇంట వాదము నడచినది. తెర కొలత తగ్గించుకొని, 6 అంగుళముల యెత్తున పదునెనిమిది మెట్లు, నడుమ నిలుచుటకొక తిన్నెయు కట్టించితిమి. మా వారు కొన్నినాళ్లు ముభావముగా నుండిరి. ఇప్పటి తెర మూలనుండి మూలకు 100 అంగుళములు. పదునొకండడుగుల దూరమున కూర్చుండినచో కంటికి హాయి.

మొదటిరాత్రి 1957 నాటి మాయాబజారు పెట్టితిమి. తరువాత రంగులద్దిన ప్రతి గాదు, మొదటి నలుపు తెలుపులదే. మాటలన్నియు తెర నడిమి స్పీకరునుండియే వచ్చునట్లు చేసి, మా వారు ఆమెకొరకని శబ్దము పెంచి కూర్చుండిరి. ఘటోత్కచుని మాటకు మాకన్న ముందు అత్తగారు నవ్విరి. కొంత తడవునకు మావైపు వంగి, "శబ్దం జర తగ్గించుమను బిడ్డా, పిల్లలు పండుకున్నరు" అనిరి.