అద్దె కారుకు జరిగిన నష్టం – క్రెడిట్ కార్డు ద్వారా లభించే బీమా రక్షణ

నష్టపరిహార సూత్రం, సబ్రోగేషన్ సూత్రం, కంట్రిబ్యూషన్ సూత్రం గురించి మీరు గత యూనిట్‌లో చదివారు. బీమా ఒప్పందాల్లో ఇవి ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి ఒక చిన్న లావాదేవీని పరిశీలిద్దాం. అమెరికాలో ఒకరు కారు అద్దెకు తీసుకొని, ఆ అద్దెను క్రెడిట్ కార్డుతో చెల్లించారు. మన రాష్ట్రాల నుంచి చదువు కోసమో ఉద్యోగం కోసమో అక్కడికి వెళ్లినవారిలో చాలామంది సొంత కారు కొనకముందే అద్దె కారు నడుపుతారు. కౌంటరు దగ్గర ఉద్యోగి అడిగే ప్రశ్న ఒకటే: "కవరేజీ తీసుకుంటారా?" తీసుకుంటే చాలాచోట్ల రోజుకు ఇరవై ముప్పై డాలర్లు అదనంగా కట్టాలి. వద్దంటే కారుకు తగిలే ప్రతి దెబ్బకూ అద్దెదారు బాధ్యుడు. ఆ నిర్ణయం తీసుకోవడానికి అక్కడ దొరికే సమయం రెండు నిమిషాలు కూడా ఉండదు.

కౌంటరులో అమ్మేది ఏమిటి?

కొలిజన్ డ్యామేజ్ వేవర్ అనే పేరుతో అమ్మే ఈ రక్షణను అందరూ బీమా అనే పిలుస్తారు. న్యాయపరంగా చూస్తే అది బీమా కాదు. కారు పాడైతే అద్దెదారు నుంచి నష్టం వసూలు చేసుకునే హక్కు ఒప్పందం ప్రకారం కంపెనీకి ఉంటుంది. కొంత రుసుము తీసుకొని ఆ హక్కును వదులుకుంటామని కంపెనీ ఇచ్చే హామీయే వేవర్. ఇందులో మూడో పక్షంగా బీమా సంస్థ ఉండదు. ఒప్పందంలోని షరతును ఉల్లంఘిస్తే, ఉదాహరణకు మద్యం తాగి నడిపినా, పేరు నమోదు చేయని వ్యక్తికి కారు ఇచ్చినా, కంపెనీ ఆ హామీని వెనక్కి తీసుకోవచ్చు.

క్రెడిట్ కార్డు ఇచ్చే రక్షణ ఇలాంటిది కాదు. కార్డు జారీ చేసిన బ్యాంకు గానీ, కార్డు నెట్‌వర్క్ గానీ ఒక బీమా సంస్థతో సామూహిక ఒప్పందం చేసుకుంటుంది. కార్డుదారు విడిగా ప్రీమియం కట్టనక్కరలేదు. అయితే రక్షణ మొదలు కావాలంటే కొన్ని షరతులు నెరవేరాలి. అద్దె మొత్తం ఆ కార్డు మీదే చెల్లించాలి. కార్డుదారు పేరే ఒప్పందంలో ప్రధాన అద్దెదారుగా ఉండాలి. కౌంటరులో ఇవ్వజూపిన వేవర్‌ను నిరాకరించాలి. "రెండూ ఉంటే ఇంకా మంచిది కదా" అనుకొని వేవర్ కూడా తీసుకున్నవారికి సాధారణంగా కార్డు రక్షణ వర్తించదు. నలుగురు స్నేహితులు కలిసి వెళ్లినప్పుడు అద్దెను రెండు మూడు కార్డుల మీద పంచడం కూడా ఇదే కారణంగా ప్రమాదకరం. ఎవరి వాటా వారు తర్వాత పంపుకోవచ్చు, కౌంటరులో మాత్రం ఒకే కార్డు వాడాలి.

అన్ని కార్డులకూ ఈ సౌకర్యం ఉంటుందనుకోవడం పొరపాటు. డిస్కవర్ సంస్థ 2018లో దీనిని తొలగించింది. సిటీ బ్యాంకు 2019లో తన కార్డుల్లో అధిక భాగానికి నిలిపివేసింది. పాత జ్ఞాపకం మీద ఆధారపడకుండా, ఆ సంవత్సరపు ప్రయోజనాల మార్గదర్శిని ప్రయాణానికి ముందే చదవాలి.

ప్రాథమిక రక్షణ, ద్వితీయ రక్షణ

కార్డు రక్షణ రెండు రకాలు. చేజ్ శాఫైర్ వంటి కొన్ని కార్డులు ప్రాథమిక రక్షణ ఇస్తాయి. అంటే నష్టాన్ని మొదట కార్డు తరఫు బీమా సంస్థే చెల్లిస్తుంది. ఎక్కువ కార్డులది ద్వితీయ రక్షణ. ఇక్కడ అద్దెదారుకు సొంత వాహన బీమా ఉంటే ముందు అది చెల్లించాలి, మిగిలినదే కార్డు భరిస్తుంది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ మామూలుగా ఇచ్చేది ద్వితీయ రక్షణే. ఆ సంస్థ వద్ద అద్దె ఒక్కింటికి నిర్ణీత రుసుము కట్టి ప్రాథమిక రక్షణ పొందవచ్చు. రుసుము రోజుల లెక్కన ఉండదు కాబట్టి పది రోజుల ప్రయాణానికి ఇది వేవర్ కన్నా బాగా చౌక.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. అద్దె కారు వెనుక భాగం దెబ్బతిన్నది. కంపెనీ పంపిన బిల్లులో మరమ్మతుకు 2,400 డాలర్లు, కారును లాగించినందుకు 130, మరమ్మతు జరిగిన ఆరు రోజులూ కారు అద్దెకు ఇవ్వలేకపోయినందుకు రోజుకు 45 చొప్పున 270, కార్యాలయ ఖర్చుల కింద 100, కారు విలువ తగ్గిందంటూ 500 వేశారు. మొత్తం 3,400 డాలర్లు. అద్దెదారు సొంత పాలసీలో 1,000 డాలర్ల డిడక్టిబుల్ ఉంది. ఆ పాలసీ మరమ్మతును, లాగింపును ఒప్పుకుంటే 2,530లో 1,000 పోగా 1,530 ఇస్తుంది. ద్వితీయ రక్షణ కింద కార్డు ఆ 1,000 డాలర్ల డిడక్టిబుల్, 270, 100 కలిపి 1,370 ఇస్తుంది. విలువ తగ్గుదలను కార్డు పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి కాబట్టి ఆ 500 అద్దెదారు నెత్తిన పడుతుంది.

అదే ప్రాథమిక రక్షణ అయితే కార్డే 2,900 డాలర్లు చెల్లిస్తుంది. సొంత పాలసీని కదిలించే పనే ఉండదు. మరుసటి ఏడాది ప్రీమియం పెరుగుతుందనే భయమూ ఉండదు. ప్రాథమిక రక్షణకు ఉన్న అసలు విలువ ఇదే. ఇక కొత్తగా వెళ్లిన విద్యార్థికి సొంత కారూ పాలసీ లేవనుకోండి. ముందుగా చెల్లించాల్సిన పాలసీ ఏదీ లేనందువల్ల అతని ద్వితీయ రక్షణ కూడా దాదాపు ప్రాథమికంలాగే పనిచేసి ఆ 2,900 ఇస్తుంది. ఏ సందర్భంలోనూ అద్దెదారుకు నష్టానికి మించి చేతికి రాదు. ఇక్కడ నష్టపరిహార సూత్రాన్ని గమనించండి. ప్రమాదానికి ఎదుటి కారు డ్రైవరే కారణమైతే, చెల్లించిన బీమా సంస్థ అద్దెదారు స్థానంలో నిలబడి అతని నుంచి రాబట్టుకుంటుంది. అది సబ్రోగేషన్.

కార్డు భరించని నష్టం

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇది. కార్డు రక్షణ అద్దెకు తీసుకున్న కారుకు మాత్రమే. ఎదుటి వాహనానికి, రోడ్డు మీది మనిషికి, ఆసుపత్రి ఖర్చులకు అది ఒక్క డాలరు కూడా ఇవ్వదు. కారు యజమాని అన్న ఒక్క కారణంతో అద్దె కంపెనీని బాధ్యుణ్ణి చేయడానికి వీల్లేకుండా 2005లో గ్రేవ్స్ సవరణ అనే సమాఖ్య చట్టం వచ్చింది. కాబట్టి భారం నడిపినవారి మీదే పడుతుంది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఉండాల్సిన కనీస బాధ్యతా బీమా గాయపడిన ఒక్కొక్కరికి 30,000, ఒక ప్రమాదానికి 60,000, ఆస్తి నష్టానికి 15,000 డాలర్లు. అక్కడి ఆసుపత్రి ఖర్చుల ముందు ఇవి పెద్ద మొత్తాలు కావు. సొంత వాహన పాలసీ ఉన్నవారికి అందులోని బాధ్యతా రక్షణ తరచుగా అద్దె కారుకూ వర్తిస్తుంది. పాలసీ లేని విద్యార్థి వేవర్ వద్దన్నా ఫరవాలేదు, బాధ్యతా బీమాను మాత్రం విడిగా తీసుకోవడమే వివేకం. డబ్బు ఆదా చేద్దామని రెండింటినీ ఒకేసారి వద్దనడం చాలామంది చేసే పని.

మినహాయింపులు ఇంకా ఉన్నాయి. ఖరీదైన, అరుదైన కార్లు, ట్రక్కులు, మోటారు సైకిళ్లు, పెద్ద వ్యాన్‌లు సాధారణంగా రక్షణ పరిధిలో ఉండవు. ట్యూరో వంటి వేదికల ద్వారా వ్యక్తుల నుంచి తీసుకున్న కార్లకూ చాలా కార్డులు వర్తించవు. అద్దె కాలం సుమారు నెల రోజులు దాటితే, దాటిన రోజులకే కాక మొత్తం కాలానికి రక్షణ పోవచ్చు. దేశాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సాధారణ రక్షణ ఆస్ట్రేలియా, ఇటలీ, న్యూజీలాండ్‌లలో వర్తించదు. మన యువకుల విషయంలో తరచుగా ఇబ్బంది తెచ్చేది మాత్రం డ్రైవరు పేరు. అదనపు డ్రైవరుకు రుసుము ఉంటుందని ఒక్కరి పేరు మీదే కారు తీసుకొని, రాత్రి ప్రయాణంలో వంతులవారీగా నడుపుతారు. పేరు లేని వ్యక్తి చేతిలో ప్రమాదం జరిగితే కంపెనీ ఒప్పందమూ, కార్డు రక్షణా రెండూ ఒకేసారి చేజారతాయి.

క్లెయిము ఎలా చేయాలి?

క్లెయిము ప్రమాదంతో కాదు, కారు తాళాలు తీసుకున్న క్షణంతోనే మొదలవుతుందని భావించాలి. బయలుదేరే ముందు, తిరిగి అప్పగించేటప్పుడు నాలుగు వైపులా, చక్రాలు, అద్దంతో సహా ఫోటోలు తీయాలి. కార్యాలయం మూసిన తర్వాత కారు వదిలిపెడితే, మళ్లీ తెరిచేదాకా బాధ్యత అద్దెదారుదేనని చాలా ఒప్పందాలు చెబుతాయి. కాబట్టి పని వేళల్లో అప్పగించి రసీదు తీసుకోవడం మేలు.

ప్రమాదం జరిగితే పోలీసు నివేదిక, అద్దె కంపెనీ ప్రమాద పత్రం సంపాదించి, కార్డు ప్రయోజనాల నిర్వాహకుడికి వెంటనే తెలియజేయాలి. ఈ నిర్వాహకుడు బ్యాంకు కాదు, ఫోన్ నంబరు మార్గదర్శిలో ఉంటుంది. వీసా మార్గదర్శుల్లో తరచుగా కనిపించే గడువులు ఇవి: 45 రోజుల్లో సమాచారం, 90 రోజుల్లో సంతకం చేసిన క్లెయిము పత్రం, 365 రోజుల్లో మిగిలిన కాగితాలు. కార్డును బట్టి ఇవి మారతాయి. మిగిలిన కాగితాలంటే అద్దె ఒప్పందం, అద్దె చెల్లించినట్లు చూపే కార్డు స్టేట్‌మెంటు, మరమ్మతు బిల్లు, ఫోటోలు, కంపెనీ పంపిన డిమాండు లేఖ. ద్వితీయ రక్షణ అయితే సొంత బీమా సంస్థ ఎంత చెల్లించిందో తెలిపే పత్రం కూడా కావాలి. సొంత పాలసీ లేకపోతే లేదని రాతపూర్వకంగా తెలియజేయాల్సి ఉంటుంది.

ఎక్కువ జాప్యం జరిగేది ఆ 270 డాలర్ల దగ్గరే. ఆ ఆరు రోజులూ కంపెనీ దగ్గర వేరే ఖాళీ కార్లు ఉంటే దానికి నిజంగా ఆదాయం పోయిందా? అందుకే కార్డు తరఫు సంస్థ, కంపెనీ కార్లు ఆ రోజుల్లో ఎన్ని అద్దెకు వెళ్లాయో చూపే ఫ్లీట్ లాగ్ అడుగుతుంది. చాలా కంపెనీలు దానిని ఇవ్వడానికి ఇష్టపడవు. అప్పుడు అద్దెదారు కంపెనీకి రాతపూర్వకంగా లాగ్ అడగాలి. లాగ్ ఇవ్వకపోతే ఆ మొత్తాన్ని బిల్లు నుంచి తొలగించమని కోరాలి. ఈ ఉత్తర ప్రత్యుత్తరాలన్నిటి నకళ్లూ క్లెయిముతో జత చేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై ఉదాహరణలో అద్దెదారు డిడక్టిబుల్ 500 డాలర్లే అయితే సొంత పాలసీ, కార్డు ఎంతెంత చెల్లిస్తాయి?

2. అదే ప్రమాదంలో ఎదుటి కారులోని వ్యక్తి గాయపడితే, ప్రాథమిక రక్షణ ఉన్న కార్డు అతని వైద్య ఖర్చులు ఎందుకు చెల్లించదు?