మీకు తెలుసా? నీట మునిగిన బండికి తాళం తిప్పకూడదు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు ఎన్నో కార్లు, బైకులు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. అలాంటి బండిని వరద ఒక్కటే పాడుచేయదు. నీరు తీయగానే ‘ఒకసారి చూద్దాం’ అని స్టార్ట్ చేస్తే అసలు నష్టం అప్పుడే జరగొచ్చు.

ఇంజిన్ గాలి పీల్చే గొట్టం చాలా కార్లలో బానెట్ కింద ముందువైపే ఉంటుంది. నీళ్లలో వేగంగా పోనిస్తే బండి ముందు లేచే అల దాన్ని ఇట్టే అందుకుంటుంది. సిలిండర్‌లోకి చేరిన నీటిని పిస్టన్ గాలిలా నొక్కలేదు. ఆ ఒత్తిడికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి విరిగి ఇంజిన్ బ్లాకునే చీలుస్తుంది. మెకానిక్‌లు దీన్ని హైడ్రోలాక్ అంటారు. డీజిల్ బండ్లకు ముప్పు మరీ ఎక్కువ: పిస్టన్ పైకొచ్చాక అక్కడ మిగిలే ఖాళీ తక్కువ కాబట్టి కొద్దిపాటి నీరే చాలు.

అందుకే నీళ్లలో ఆగిన బండిని స్టార్ట్ చేయకుండా తోయించో, లాగించో షెడ్డుకు చేర్చాలి, అంతే.

ఇక బీమా సంగతి. మామూలు సమగ్ర పాలసీ ఉన్నా, ఇంజిన్‌లోకి నీరు చేరి జరిగిన నష్టానికి సాధారణంగా పరిహారం రాదు. అందుకు ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ లాంటి యాడ్‌ఆన్ విడిగా తీసుకోవాలి.