తూనీగల లెక్క



వాన వచ్చే ముందు గుంపులుగా తిరిగే తూనీగలను చూడనివారు మీలో వుండరు. చిన్నప్పుడు వాటి తోకకు దారం కట్టి ఎగరవేసినవారూ వుంటారు. అయితే మీ చెరువుమీద ఎన్ని రకాల తూనీగలున్నవని అడిగితే మాత్రం, "తూనీగంటే తూనీగే కదండీ" అంటారు.

మన దేశంలో ఇంతవరకు దాదాపు 500 రకాలు గుర్తించారు. ఈ లెక్కకు గట్టి పునాది వేసినవాడు ఫ్రేజర్ అనే వైద్యుడు. ఆయన 1933, 1934, 1936 సంవత్సరాలలో మూడు సంపుటాలు వెలువరించాడు. పడమటి కనుమలలో ఈనాటికీ కొత్త రకాలు బయటపడుతూనే వున్నవి. కొండలకూ అడవులకూ పోయి వెతికేవారు వున్నారు గాని, వరిమడి గట్టుమీద రోజూ నిలబడేది మీరే గదా!

వాలినప్పుడు రెక్కలు చూడండి. చాపుకొని కూర్చుంటే తూనీగ. వీపుమీద ముడుచుకొని, సూదిలాగ సన్నగా వుంటే అది సన్న తూనీగ. దాని కళ్లు ఎడంగా వుంటవి. సన్నవాటిలో కొన్ని రెక్కలు సగం విప్పి కూర్చునేవీ వున్నవి. రంగు చూసి మాత్రం మోసపోకండి. మళ్లలో కనిపించే ఎర్ర తూనీగలో మగదే ఎరుపు, ఆడది పసుపు. మగదైనా లేతగా వున్నప్పుడు పసుపే. ఒకే రకాన్ని రెండుగా రాసుకోవడం ఇక్కడే జరుగుతుంది.

మడిలో నీరున్నప్పుడు దుబ్బుల మొదళ్లు చూస్తే, పురుగు ఆకారంలో ఎండిన పొట్టు ఒకటి అంటుకొని వుంటుంది. నీటిలో పెరిగిన పిల్లపురుగు పైకెక్కి, వీపు చీల్చుకొని, తూనీగై ఎగిరిపోగా మిగిలిన కుబుసమది. ఎగిరే తూనీగ ఎక్కడినుంచైనా రావచ్చు, కుబుసం మాత్రం ఆ నీటిలోనే పెరిగిందనడానికి సాక్ష్యం. దాన్ని అగ్గిపెట్టెలో దాచి, తేదీ రాసిపెట్టండి.

తేదీదేముందని అనుకోకండి. మాల్దీవులలో తూనీగలు ఏటా ఎప్పుడు దిగుతున్నవో రాసిపెట్టుకున్న ఛార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త, అవి మన దేశంనుంచి సముద్రం దాటి ఆఫ్రికాకు పోతున్నవని 2009లో ప్రతిపాదించాడు.

పిల్లపురుగులు నీటిలో దోమపిల్లలను తింటవి. సన్న తూనీగలు దుబ్బుల మధ్య తిరుగుతూ పచ్చదోమనూ సుడిదోమనూ పడతవి. ఒక్క తూనీగలే సుడిదోమను అణచివేస్తవని నేననను. చిక్కితే తేనెటీగనైనా విడిచిపెట్టవు. అయినా మనకు వాటివల్ల మేలే ఎక్కువ.

జపానులో 1990ల నుంచి వరిమళ్ల ఎర్ర తూనీగలు చాలాచోట్ల బాగా తగ్గిపోయినవి. నారుకు వేసే కొన్ని పురుగుమందుల మీద అక్కడి పరిశోధకులకు అనుమానం వచ్చింది. ప్రయోగాలు చేస్తే, ఆ మందు వేసిన మళ్లలో పిల్లపురుగులు చనిపోయినవి. పూర్వం ఎక్కడెక్కడ వుండేవో తెలిసినవారు వుండబట్టి ఆ తగ్గుదల పట్టుబడింది. మన మళ్లలో అలా తగ్గితే ఏ లెక్కతో పోల్చి చెబుతాం?

విస్తరణాధికారులకు ఒక మాట. దోమను లెక్కించడానికి దుబ్బులు తట్టేటప్పుడు, అదే పుస్తకంలో తూనీగలకూ ఒక గడి గీయండి. పొద్దెక్కి ఎండ బాగా కాసినప్పుడు, అంటే ఉదయం తొమ్మిది, పది గంటల తరవాత చూస్తే అవి చురుకుగా తిరుగుతుంటవి. పేరు తెలియకపోతే ఫోటో తీసి, వూరు, తేదీ, మడిలో నీరున్నదీ లేనిదీ, ఏ మందు ఎప్పుడు కొట్టిందీ రాయండి. పేరు తరవాతనైనా పెట్టుకోవచ్చు.