కంప్యూటర్ కార్డు పళ్లకు బంగారం ఎందుకు?

కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. అక్కడి ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాటే! టన్ను రాయిని పిండి చేస్తే దక్కేది కొన్ని గ్రాముల బంగారం. ఇంత కష్టపడి తీసిన లోహాన్ని కంప్యూటర్లో ఎందుకు పూస్తారర్రా?

1997లో వచ్చిన పెంటియం-2 ప్రాసెసర్, అంటే లెక్కలు చేసే చిప్పు, విడి కార్డు మీద ఉండేది. దాని అంచున 242 బంగారు పూత పళ్లు. కార్డు లాగేసి మరింత వేగమైనది గుచ్చుకోవచ్చు. పాత కంప్యూటర్లంటే సరదా ఉన్నవాళ్లు ఇప్పటికీ ఆ పని చేస్తుంటారు.

ఆ పళ్లు ఉత్త రాగివైతే? తోమకుండా వదిలేసిన రాగి చెంబు నల్లబడదూ, అలాగే అవుతాయి. గాలిలోని ఆక్సిజన్ రాగితో కలిసి సన్నని పొర కడుతుంది. దాన్ని దాటి కరెంటు సరిగా పోదు. ప్రాసెసర్ మాట్లాడేది ఒకటిన్నర వోల్టు చిన్న సంకేతాలతో కదా, పొర అడ్డొస్తే మాట అందదు, తెర వెలగదు. బంగారం ఆక్సిజన్‌తో కలవదు, శుభ్రంగానే ఉంటుంది.

అందుకే చచ్చిందనుకున్న కార్డు ఒక్కోసారి దుమ్ము తుడిచి మళ్లీ గుచ్చితే లేచి కూర్చుంటుంది!

ఆ పూత మందం వెంట్రుకలో యాభయ్యో వంతు కూడా ఉండదు. కాబట్టి గరుకు కాగితంతో రుద్దకండి. ప్లగ్ పీకాకే కార్డు తీయండి, పళ్లను వేళ్లతో ముట్టకండి.