తుంటి కీలు ఎదుగుదలలో తొలి 6 నెలలు ముఖ్యం

శిశువు జన్మించే నాటికి తుంటి కీలు సంపూర్ణంగా రూపొంది ఉండదు. తొడ ఎముక తల, దానిని ఇముడ్చుకొనే కటి ఎముకలోని గుంట అప్పటికి చాలావరకు మృదులాస్థితోనే ఏర్పడి ఉంటాయి. జననానంతరం జరిగే పెరుగుదలయే ఈ కీలుకు తుది రూపాన్ని ఇస్తుంది. అందువలన లోపాన్ని ఎంత త్వరగా గుర్తిస్తే చికిత్స అంత సులభమవుతుంది.

ఇలియం, ఇస్కియం, ప్యూబిస్ అనే మూడు ఎముకలు కలిసే చోట ఈ గుంట ఉంటుంది. వాటి నడుమ గల మూడు పాయల మృదులాస్థి పెరుగుతూ గుంటను విశాలం చేస్తుంది. కౌమార దశలో అది ఎముకగా మారి, మూడు ఎముకలూ ఒక్కటవుతాయి. గుంట గుండ్రంగా, లోతుగా రూపొందాలంటే తొడ ఎముక తల అందులో సరిగా అమరి ఉండాలి. తల పక్కకు జారినట్లయితే గుంట లోతు లేక చదునుగా మిగులుతుంది. దీనినే తుంటి కీలు ఎదుగుదల లోపం (డీడీహెచ్) అంటారు.

ఆడశిశువులలోను, తొలి కాన్పు శిశువులలోను, గర్భంలో ఎదురుకాళ్లతో ఉన్నవారిలోను, కుటుంబంలో ఈ లోపం గలవారిలోను ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పసితనంలో నొప్పి ఉండదు గనుక, బిడ్డ కుంటుతూ నడిచే వరకు తల్లిదండ్రులు గుర్తించలేకపోవచ్చు. ఒక కాలు పొట్టిగా కనిపించడం, ఒక తొడ పక్కకు పూర్తిగా విచ్చుకోకపోవడం ముఖ్య లక్షణాలు.

నవజాత శిశువులకు వైద్యులు చేతితోనే చేసే ఒర్టొలాని (1937), బార్లో (1962) పరీక్షలు నేటికీ ఆచరణలో ఉన్నాయి. మృదులాస్థి ఎక్స్‌-రేలో కనబడదు గనుక తొలి నెలల్లో అల్ట్రాసౌండ్ పరీక్ష, 4 నుండి 6 నెలల వయసు దాటిన తరువాత ఎక్స్‌-రే ఉపయోగపడతాయి. 6 నెలల లోపు గుర్తిస్తే, కాళ్లను వంచి ఎడంగా ఉంచే పావ్లిక్ పట్టీలతో సాధారణంగా కీలు సరిపడుతుంది. ఆలస్యమైతే మత్తు ఇచ్చి కీలును సరిచేసి సిమెంటు కట్టు వేయవలసి రావచ్చు, లేదా శస్త్రచికిత్స అవసరం కావచ్చు. చికిత్స అందని వారిలో యుక్తవయసులోనే కీలు అరిగిపోయే ప్రమాదం కలదు.

పసిబిడ్డల కాళ్లను చాచి బిగుతుగా గుడ్డ చుట్టడం మంచిది కాదు. కాళ్లు రెండు వైపులా ఉండేలా బిడ్డను చంకన ఎత్తుకొనే మన అలవాటు కీలుకు అనుకూలమైనది.

2013 ఫిబ్రవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పరీక్షించవలసిన పుట్టుక లోపాలలో ఇది కూడా ఒకటి. ప్రసవ కేంద్రాలలో సిబ్బంది, 6 వారాల వయసు వరకు ఇళ్లవద్ద ఆశా కార్యకర్తలు శిశువులను పరిశీలించాలి. అనుమానం కలిగిన శిశువులను నడక వచ్చేవరకు వేచి చూడక, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి వెంటనే పంపడం అత్యావశ్యకం.