చట్టంలో జబ్బు పేరు ఉంటే ఏం మారుతది?

ఈ ఎపిసోడ్ మా దేవరుప్పుల వాళ్లే కాదు, పల్లెల్లో ఉన్న ప్రతి ఒక్కరూ చూడాలి.

మూడు, నాలుగేళ్ల బాబు. నడుస్తూ నడుస్తూ పడిపోతుంటాడు. మెట్లు ఎక్కలేడు. కింద కూర్చుంటే తొడల మీద చేతులు ఆనించి లేస్తాడు. పిక్కలు మాత్రం లావుగా కనిపిస్తాయి. మన దగ్గర ఏమంటారు? "బలం లేదు, టానిక్ తాగించు" అంటారు. కానీ అది డూషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ కావచ్చు. నరాల డాక్టర్లు చూసే అరుదైన జబ్బు ఇది. ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది. డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ తయారుకాక కండరాలు క్షీణిస్తాయి. పన్నెండేళ్లు వచ్చేసరికి చాలామందికి వీల్‌చైర్ కావాల్సి వస్తుంది.

మరి దీనికి చట్టంతో పనేంటి? సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తా. ఫారంలో, డ్రాప్‌డౌన్‌లో మీ ఆప్షనే లేదనుకోండి. అప్పుడు డేటాబేస్‌లో మీరు లేనట్టే కదా! 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి, ఈ జబ్బు పేరు లేదు. 2016 చట్టం ఆ లిస్టును 21కి పెంచింది. మస్క్యులర్ డిస్ట్రోఫీ, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ పేర్లు పెట్టి మరీ చేర్చింది.

దాంతో ఏమొచ్చింది? 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు హక్కు. ప్రభుత్వ కాలేజీల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్. ఇవి వికలాంగులందరికీ కలిపి.

పెన్షన్ చూడండి. ఆంధ్రప్రదేశ్ 2024లో తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవాళ్లకు నెలకు 15,000 చేసింది, జబ్బు పేరు రాసి మరీ. మన తెలంగాణలో 2023లో దివ్యాంగుల పెన్షన్ 4,016 అయింది. ఈ జబ్బుకు విడిగా కేటగిరీ పెట్టలేదు. పేరుకు ఉన్న పవర్ అది.

ఇంకోటి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో కూడా డూషెన్ ఉంది. ఎంపికైన ఆస్పత్రుల్లో చికిత్సకు 50 లక్షల వరకు సాయానికి వీలుంది. హైదరాబాద్‌లో నిమ్స్ అలాంటి కేంద్రమే. ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. కానీ త్వరగా గుర్తిస్తే స్టెరాయిడ్ మందులు, ఫిజియోథెరపీతో పిల్లాడు ఇంకొన్నేళ్లు తన కాళ్ల మీద నడవగలడు. అందుకే అవగాహన అంత ముఖ్యం.

అసలు విషయం ఇక్కడే ఉంది. వికలాంగుల హక్కులపై అవగాహన కార్యక్రమాలు ప్రభుత్వమే చేయాలని 2016 చట్టంలోని 39వ సెక్షన్ చెప్తుంది. అంటే అది దయ కాదు, డ్యూటీ. మన మండలంలో ఎప్పుడు పెడతారని అడిగే హక్కు మనకుంది.

ప్రపంచ డూషెన్ దినం సెప్టెంబర్ 7. ఎందుకంటే ఆ జీన్‌లో 79 ముక్కలుంటాయి. 2023లో ఐక్యరాజ్యసమితి కూడా ఆ రోజును గుర్తించింది.

మీ చుట్టుపక్కల ఇలాంటి లక్షణాలున్న బాబు ఉంటే, సీపీకే అనే రక్తపరీక్ష గురించి డాక్టర్‌ని అడగమని చెప్పండి. జబ్బు ఉందని తేలితే యూడీఐడీ కార్డుకు ఫోన్‌లోనే అప్లై చేయొచ్చు. ఈ వీడియోను మీ ఊరి అంగన్‌వాడీ టీచర్‌కి, ఆశా అక్కకి పంపండి. పిల్లల్ని ముందుగా చూసేది వాళ్లే. మళ్లీ కలుద్దాం!