కదిలే గోడకు టీవీ బిగించాలంటే

సూరత్ నుంచి హజీరా వైపు వెళ్లే దారిలో ఇచ్ఛాపూర్ దగ్గర కాసేపు నిలబడితే ట్రక్కుల వరుస తెగదు. హజీరా కర్మాగారాల ఉక్కు చుట్టలు ఈ వైపు నుంచే దేశంలోకి బయలుదేరుతాయి. ఒక్కో చుట్ట టన్నుల బరువు ఉంటుంది. అంత బరువున్నది ఎక్కడికి కదులుతుందిలే అని ఏ డ్రైవరూ అనుకోడు. కింద చెక్క దిమ్మెలు పెట్టి, గొలుసులు వేసి, బిగువు చూసుకున్నాకే బండి తీస్తాడు.

అదే రోడ్డు మీద ఒక కారవాన్ వెళుతోందనుకుందాం. సినిమా షూటింగుల పుణ్యమా అని తెలుగువారికి ఈ మాట కొత్త కాదు. 2021లో కేరళ ప్రత్యేక విధానం ప్రకటించాక పర్యాటకంలోనూ కారవాన్ల మాట తరచుగా వినబడుతోంది. మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్, గోడకు టీవీ... కదిలే ఇల్లన్నమాట. చిక్కంతా ఆ ‘ఇల్లు’ అనే ఊహలోనే ఉంది. టీవీని ఇంట్లో బిగించినట్టే, బజారులో దొరికే మడత బ్రాకెట్‌తో, నాలుగు మరలతో బిగించేస్తారు. ఇంటి గోడ మీద ఉన్న టీవీకి తెలిసిన బలం ఒక్కటే, కిందికి లాగే తన బరువు. బండిలో బలం దిశ క్షణక్షణం మారుతుంది, పరిమాణం కూడా మారుతుంది.

లెక్క వేసి చూద్దాం. 43 అంగుళాల ఎల్ఈడీ టీవీ సుమారు 8 కిలోలు ఉంటుంది. దాన్ని మడత చేతి చివర, గోడ నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో వేలాడదీశారనుకుందాం. బ్రాకెట్ పలకలో పై మరలకూ కింది మరలకూ మధ్య దూరం 10 సెంటీమీటర్లు. మీట సూత్రం ప్రకారం పై మరలను గోడలోంచి బయటికి పీకే బలం 8 కిలోలు కాదు, 32 కిలోలు. ఇది బండి ఆగి ఉన్నప్పటి సంగతి. గుంతలో పడినప్పుడు వెనక భాగం గురుత్వ త్వరణానికి మూడు రెట్లు ఎగిరిపడిందనుకుంటే, మామూలు బరువుతో కలిపి నాలుగు రెట్లవుతుంది. అంటే 128 కిలోల లాగుడు. అదే చేతిని పూర్తిగా మడిచి టీవీని గోడకు 6 సెంటీమీటర్ల దగ్గరకు తెస్తే, అదే గుంతలో లాగుడు 19 కిలోలకు పడిపోతుంది. బ్రాకెట్ అదే, మరలు అవే. మారింది దూరం ఒక్కటే.

చేయి చాచి ఉంటే ఇంకో నష్టం ఉంది. ఒక చివర బిగించిన కడ్డీ పొడవు రెట్టింపయితే దాని బిగువు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. బిగువు తగ్గితే టీవీ మెల్లగా, పెద్దగా ఊగుతుంది. బండి చక్రాలు సాధారణంగా సెకనుకు 10 నుంచి 15 సార్లు కంపిస్తాయి. టీవీ ఊగే వేగం దానికి దగ్గరగా వచ్చిందంటే అనునాదం ఏర్పడి ఊపు పెరుగుతూ పోతుంది. అరకు ఘాట్ లాంటి చోట పక్క ఒరుగుడు కూడా తోడవుతుంది. తాళం లేని మడత చేయి ప్రతి మలుపులో తలుపులా తెరుచుకుంటుంది. అందుకే కారవాన్‌కు కొనే బ్రాకెట్‌లో మడిచాక పడే తాళం పిన్ను ఉండాలి. దానికి తోడు బ్రాకెట్ మీద నమ్మకం లేకుండా కట్టిన బెల్టు ఒకటి ఉండాలి.

ఇక గోడ. కారవాన్ గోడ సాధారణంగా బయట పలుచని అల్యూమినియం లేదా ఫైబర్ రేకు, మధ్యలో థర్మోకోల్ లాంటి నురుగు, లోపల 3, 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్. ఆ ప్లైవుడ్‌లోకి దిగిన మర చేతికి గట్టిగానే అనిపిస్తుంది. వెయ్యి కుదుపుల తర్వాత రంధ్రం వదులై, చెక్కపొడి రాలుతుంది. బరువు మోయాల్సింది గోడ లోపలి చట్రం. ఉక్కు చట్రమైతే అయస్కాంతంతో పట్టుకోవచ్చు. టీవీ పెట్టాలనుకున్న చోట చట్రం లేకపోతే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను రెండు చట్రపు కడ్డీలను కలుపుతూ బోల్టులతో బిగించి, దాని మీద బ్రాకెట్ పెట్టడం మేలు. డ్రిల్లు పెట్టేముందు లోపల వైర్లు, గ్యాస్ గొట్టం ఎటు వెళుతున్నాయో చూసుకోవాలి. చాలామంది ఈ మాట డ్రిల్లు పెట్టాకే గుర్తు చేసుకుంటారు.

మరలు వాటంతట అవే ఎందుకు వదులవుతాయన్నది చాలాకాలం అంతుపట్టలేదు. జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగపూర్వకంగా చూపించాడు. బోల్టు అక్షం వెంబడి లాగే బలం కంటే, దానికి అడ్డంగా అటూ ఇటూ జరిగే చిన్న కదలికే మరను ఎక్కువగా విప్పుతుంది. జారిన ప్రతిసారీ ఘర్షణ పట్టు సడలుతుంది, మర కాస్త తిరుగుతుంది. నైలాన్ వలయం ఉన్న నట్లు ఆ తిరుగుడును అడ్డుకుంటాయి. మరలకు పూసే జిగురు లోహానికి లోహం తగిలే చోటే పనికొస్తుంది, టీవీ వెనకాల ప్లాస్టిక్ తొడుగుకు తగిలితే పగుళ్లు తెప్పించవచ్చు. టీవీ వెనక నాలుగు రంధ్రాలకు ఏ మందం, ఎంత పొడవు మరలు పట్టాలో దాని పుస్తకంలో ఉంటుంది. పొడవెక్కువైతే లోపలి బోర్డుకు గుచ్చుకుంటుంది.

మన దగ్గర వీడియో కోచ్ బస్సులు నడిచిన రోజుల్లో టీవీ అంటే బరువైన గాజు పిక్చర్ ట్యూబు. దాన్ని డ్రైవరు వెనక, బస్సు చట్రానికి బిగించిన ఇనుప పెట్టెలో కూర్చోబెట్టేవారు. చూడటానికి మోటు పనే, కానీ పెట్టె ఆరు వైపులా పట్టుకునేది. ఇప్పటి టీవీ తేలికయింది, దాన్ని పట్టుకునేవి నాలుగు మరలే అయ్యాయి.

రోడ్డు బాగుంటే ఇదంతా అక్కర్లేదా? హజీరాలోనే 2022లో సీఎస్ఐఆర్ కేంద్రీయ రోడ్డు పరిశోధన సంస్థ సాంకేతికతతో, ఉక్కు కర్మాగారపు చిట్టెంతో ఆరు వరుసల రోడ్డు వేశారు. గుంతలు లేని రోడ్డు మీద నిలువు కుదుపులు తగ్గుతాయి, నిజమే. బ్రేకుకు మాత్రం రోడ్డు నునుపుతో పని లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఢీకొని పదో వంతు సెకనులో ఆగిందనుకోండి, 8 కిలోల టీవీ సుమారు 136 కిలోల బలంతో ముందుకు లాగుతుంది. మరలు ఊడితే అది అదే వేగంతో ఎగురుతుంది. 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీంచి, పడిన టీవీ వేగమంత. వెనక లాగించుకునే ట్రైలర్‌లో ప్రయాణంలో ఎవరూ కూర్చోకూడదు కాబట్టి నష్టం సామానుతో పోవచ్చు. మోటారు కారవాన్‌లో దాని దారిలో మనుషుల తలలుంటాయి. మన దేశంలో మోటారు కారవాన్ నిర్వచనమే సీట్లు, పడక, వంట సామగ్రి లాంటివి బండికి గట్టిగా బిగించి ఉండాలంటుంది. టీవీ ఆ జాబితాలో లేదు. అది తర్వాత వచ్చి చేరే చుట్టం కాబట్టి దాని బాధ్యత బిగించేవారిదే. నడిపే మనిషి వీడియోలు చూడటాన్ని డ్రైవింగ్ నిబంధనలు ఎలాగూ ఒప్పుకోవు, కనుక తెర అతని చూపుకు అందకూడదు.

అన్నిటికంటే చవకైన మార్గం ఒకటుంది. బండి కదిలేముందు టీవీని బ్రాకెట్ నుంచి తీసి, బొంత చుట్టి, మంచాల మధ్య నిలువుగా కదలకుండా ఇరికించడం. పరుపు మీద పడుకోబెట్టకూడదు. తెరలోని గాజు పొర మందం మిల్లీమీటరు కన్నా తక్కువ, పడుకోబెడితే ప్రతి కుదుపుకూ మధ్యలో వంగుతుంది.

బిగించే ఉంచాలనుకునేవారు ప్రతి బోల్టు తల మీంచి పలక మీదికి గోళ్ల రంగుతో ఒక గీత గీస్తే చాలు. మర తిరిగితే గీత తెగుతుంది. ట్రక్కు డ్రైవరు మొదటి టీ కోసం ఆగినప్పుడు గొలుసులు ఒకసారి లాగి చూసుకున్నట్టే, కారవాన్ మొదటిసారి ఆగినచోట ఆ నాలుగు గీతలూ చూసుకోవచ్చు.